పాతాళభైరవి: తోటకూ కోటకూ నడుమ ఇద్దరు పరాయివాళ్ళు

వ్యాససంగ్రహం

విజయా ప్రొడక్షన్స్ పతాకంపై కె.వి. రెడ్డి దర్శకత్వంలో 1951 మార్చి 15న విడుదలైన ‘పాతాళభైరవి’ని తెలుగు పాఠకలోకం ప్రధానంగా రెండు కోణాల నుంచి ఆదరించింది. మొదటిది, సామాన్యుడు రాకుమారిని గెలుచుకున్న విజయగాథ. రెండవది, ఆనాటి సాంకేతిక పరిమితుల్లో సాధించిన దృశ్యాద్భుతం. ఈ రెండు కోణాలూ సరైనవే. అయితే ఈ కథలో కోట బయట నిలబడిన వ్యక్తి ఒక్కడు కాదు, ఇద్దరు. ఒకడు తోటమాలి కొడుకు, మరొకడు దూరదేశపు మాంత్రికుడు. ఇద్దరూ ఒకే గుహలోకి వెళ్తారు, ఒకే ప్రతిమను కోరుకుంటారు, ఒకే రాకుమారిని ఆశిస్తారు. ఒకరికి పట్టాభిషేకం, మరొకరికి రెండు మరణాలు దక్కుతాయి. ఈ పంపకం ఏ ప్రాతిపదికన జరిగిందన్నది ఈ వ్యాసం పరిశీలిస్తుంది. గుంటూరు, ప్రకాశం మైదానాల చరిత్రలో ‘పరాయి’ అన్న భావన ఎలా రూపుకట్టిందో చూసి, ఆ వెలుగులో చిత్రాన్ని పునఃపఠనం చేస్తుంది.

కీలకపదాలు: పాతాళభైరవి, జానపద చిత్రం, పరాయితనం, బలి, పొలిమేర, కాశీమజిలీ కథలు, గుంటూరు మైదానం.

1. ఉపోద్ఘాతం

తెలుగులో ‘జానపద చిత్రం’ అన్న మాటకు ఉన్న పరిధి విశాలమైనది. కత్తియుద్ధాలు, రాకుమార్తెలు, ఎగిరే మంచాలు, మాట్లాడే చిలుకలు అన్నీ అందులో ఇమిడిపోతాయి. ఈ విస్తృతి వల్ల ఒక నష్టం కూడా కలిగింది. చీకటి, క్షుద్రసాధన, నరబలి, మృతుడు తిరిగి లేవడం వంటి అంశాలే కేంద్రంగా నడిచే చిత్రాలను సైతం విమర్శ ‘వినోదాత్మక జానపదం’ అన్న ఒకే గాటన కట్టింది. ‘పాతాళభైరవి’ ఆ విధంగా తేలికగా చూడబడిన చిత్రం. పాటలనూ హాస్యాన్నీ కాసేపు పక్కనబెట్టి కథాసూత్రాన్ని మాత్రమే చూస్తే, ఇది ఒక యువకుణ్ణి మేపి, ముస్తాబు చేసి, స్నానం చేయించి బలిపీఠం దాకా నడిపించే కథ. బలి ఇవ్వదలచినవాడే బలైపోయే కథ. అద్భుతం అన్న పూతకింద ఉన్న ఈ భయానకమే చిత్రానికి ఆయువుపట్టు.

1952 జనవరిలో బొంబాయిలో ఆరంభమైన తొలి భారత అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో ఈ చిత్రం ప్రదర్శితమైంది. ఆ తరువాత ఏడు దశాబ్దాలుగా తెలుగువారి నిత్యసంభాషణలో దాని సంబోధనలు నిలిచి ఉన్నాయి. ఇంతటి ఆదరణ పొందిన కృతి, సమాజం తన హద్దులను ఎలా గీసుకుంటుందన్న ప్రశ్నకు సాక్ష్యంగా కూడా ఉపకరిస్తుంది.

2. కథామూలం, నిర్మాణ నేపథ్యం

పింగళి నాగేంద్రరావు ఈ చిత్రానికి కథ, మాటలు, పాటలు సమకూర్చారు. మధిర సుబ్బన్న దీక్షితుల ‘కాశీమజిలీ కథలు’ దీనికి ప్రేరణ. ఆ గ్రంథం చట్రమే గమనార్హం. మణిసిద్ధుడనే యతి కాశీయాత్రలో తన వెంట నడిచే పశులకాపరి బాలుడికి ప్రతి మజిలీలోనూ ఒక కథ చెబుతాడు. రాజుల కథలకు శ్రోత ఒక పశులకాపరి కావడం యాదృచ్ఛికం కావచ్చు. కాని ఆ శ్రోతకు కథలో చోటు దొరికితే ఎలా ఉంటుందన్న ఊహకు ‘పాతాళభైరవి’ రూపమిచ్చిందని చెప్పవచ్చు.

రెండవ ఆకరం ‘అల్లావుద్దీన్’ కథ. అందులో దర్జీ కొడుకును గుహలోకి దింపే మాంత్రికుడు మఘ్రిబ్ నుంచి వచ్చినవాడు. మేడను, రాకుమారిని ఒక్క రాత్రిలో తన దేశానికి ఎత్తుకుపోతాడు. పింగళి కలంలో మఘ్రిబ్ నేపాళమైంది. మూడవది బేతాళకథల సంప్రదాయం. విక్రమార్కుణ్ణి బలి ఇవ్వాలని చూసిన భిక్షువు, బేతాళుడి హెచ్చరిక వల్ల, తానే రాజు కత్తికి బలవుతాడు. ఉజ్జయిని, బలి తారుమారు కావడం, చివరి క్షణంలో అందే హెచ్చరిక అన్నీ చిత్రంలో ఉన్నాయి. మారినది ఒక్కటే. విక్రమార్కుడి స్థానంలో తోటమాలి కొడుకు నిలబడ్డాడు. కథాచట్రం పాతదే గాని, అందులోని కథానాయకుడి సామాజిక స్థానం పూర్తిగా కొత్తది.

నిర్మాణబృందంలో గుంటూరు ప్రాంతపు పాత్ర చెప్పుకోదగినది. నిర్మాతల్లో ఒకరైన చక్రపాణి తెనాలివారు. శరత్ నవలలను బెంగాలీ నుంచి తెలుగు చేసిన అనువాదకుడు, 1947 జులైలో నాగిరెడ్డితో కలిసి ‘చందమామ’ను ప్రారంభించిన సంపాదకుడు. కళాదర్శకుల్లో ఒకరైన మాధవపెద్ది గోఖలే బ్రాహ్మణకోడూరులో పుట్టినవారు. పల్లెల్లోని శ్రమజీవుల బతుకును కథలుగా రాసిన రచయిత కూడా. కథానాయకుడు ఎన్.టి. రామారావు గుంటూరు ఆంధ్రా క్రిస్టియన్ కళాశాలలో పట్టభద్రులై, 1947లో ప్రత్తిపాడులో సబ్ రిజిస్ట్రార్ ఉద్యోగంలో చేరి, మూడు వారాలకే వదిలి మద్రాసు వెళ్ళారు. పొలాల దస్తావేజులు నమోదు చేసే కార్యాలయం నుంచి వచ్చిన యువకుడే, రాజుతో సమానమైన ఆస్తి సంపాదించవలసిన తోటరాముడి పాత్రను ధరించాడు.

3. తోట, కోట: లోపలి పరాయివాడు

తోటరాముడి పరాయితనం దూరం వల్ల వచ్చినది కాదు, దగ్గరితనం వల్ల వచ్చినది. అతడు ఉజ్జయినిలోనే పుట్టాడు. రాజోద్యానం అతడి కుటుంబం చేతుల మీదుగా పూస్తుంది. కోటకు పూలు అతడి ఇంటి నుంచి వెళ్తాయి. కాని ఆ పూలు వెళ్ళిన దారిన అతడు వెళ్ళరాదు. చిత్రంలో అతడి పేరే ఈ స్థితిని చెబుతుంది. ‘రాముడు’ అన్న వ్యక్తినామానికి ముందు ‘తోట’ అన్న స్థలనామం విడదీయరానంతగా అంటుకుని ఉంది. రాజుల పేర్లకు ముందు రాజ్యాలు ఉంటాయి, ఇతడి పేరుకు ముందు పని ఉంది.

ఇందుమతిని చూడడానికి అతడు అంతఃపురంలోకి ప్రవేశించినప్పుడు కోట అతణ్ణి చొరబాటుదారుగానే గుర్తిస్తుంది. మరణశిక్ష పడుతుంది. తరువాత రాజు శిక్షను షరతుగా మారుస్తాడు. తనతో సమానమైన సంపద తెస్తే రాకుమారి చేయి దక్కుతుందంటాడు. ఈ మార్పును రాజు ఔదార్యంగా చూడడం ఆనవాయితీ. నిజానికి శిక్ష, షరతు రెండూ ఒకే మాటను వేరువేరు పదాల్లో చెబుతున్నాయి. తోటపనితో రాజసంపద కూడదన్నది రాజుకూ తెలుసు, రాముడికీ తెలుసు. అందుకే రాముడు ఆ షరతును తీర్చడానికి మరింత కష్టపడి తోట సాగు చేయడు. భూమి కిందికి వెళ్తాడు. శ్రమతో దాటలేని అంతరాన్ని మాయతో తప్ప దాటలేమన్న నిష్ఠుర సత్యాన్ని చిత్రం ఇక్కడ నిజాయితీగా ఒప్పుకుంటుంది.

దీనికి 1951 నాటి సందర్భాన్ని జోడించి చూడవచ్చు. మద్రాసు రాష్ట్రంలో ఎస్టేట్ల రద్దు చట్టం 1948లో వచ్చింది. వయోజన ఓటుహక్కుతో జరిగే తొలి సాధారణ ఎన్నికలు మరికొన్ని నెలల దూరంలో ఉన్నాయి. నిన్నటి రాజూ, నేటి తోటమాలీ ఓటు దగ్గర సమానులు కాబోతున్న సమయమది. సంపద దగ్గర మాత్రం సమానత్వం కనుచూపు మేరలో లేదు. రాజు పెట్టిన షరతు ఆ వ్యత్యాసాన్ని కథారూపంలో నిలబెట్టింది.

ఇక్కడ చిత్రం చేసిన ఒక ముఖ్యమైన నిర్ణయం ఉంది. తోటరాముడు చివరిదాకా తోటమాలి కొడుకుగానే ఉంటాడు. పుట్టుమచ్చ ద్వారానో, ఉంగరం ద్వారానో అతడు తప్పిపోయిన రాజకుమారుడని తేలదు. ‘కీలుగుర్రం’ (1949) నాయకుడు వెళ్ళగొట్టబడిన రాణి కొడుకు. కె.వి. రెడ్డి వద్ద సహాయకుడిగా పనిచేసిన సింగీతం శ్రీనివాసరావు అదే సంప్రదాయాన్ని పునరుద్ధరిస్తూ తీసిన ‘భైరవద్వీపం’ (1994)లో సైతం, అడవి బిడ్డల మధ్య పెరిగిన నాయకుడు పుట్టుకతో రాజవంశీయుడే. ఆ కథల్లో కోట తన బిడ్డనే తిరిగి తీసుకుంటుంది. ‘పాతాళభైరవి’లో కోట తనది కానివాణ్ణి స్వీకరించవలసి వస్తుంది. సామాన్యుడి విజయగాథ అన్న పేరు ఈ చిత్రానికి దక్కడం ఈ కారణంగానే న్యాయం.

4. నేపాళం: పేరే నేరమైన పాత్ర

ఎస్.వి. రంగారావు ధరించిన పాత్రకు వ్యక్తినామం లేదు. అతడు నేపాళ మాంత్రికుడు. అతడి ఊరు, తల్లి, గతం ఏవీ ప్రేక్షకుడికి తెలియవు. ఒక దేశం పేరు, ఒక వృత్తి పేరు కలిస్తే అతడి పేరు. ఈ పద్ధతి చిత్రానికి ముందు నుంచే ఉన్నది. బాలనాగమ్మను కుక్కగా మార్చి ఎత్తుకుపోయినవాడు కథాగానాల్లో మాయల ఫకీరు, 1942 నాటి జెమినీ వారి చిత్రంలో మాయల మరాఠీ. ఫకీరు, మరాఠీ, నేపాళుడు: క్షుద్రశక్తి ఎప్పుడూ మరో మతపు వేషంలోనో మరో దేశపు పేరుతోనో వస్తుంది. తెలుగు మాంత్రికుడికి తెలుగు ఊరి పేరు పెట్టడానికి సంప్రదాయం సాహసించలేదు.

అయితే పింగళి రచన ఈ మూసలో ఒక పగులు తెచ్చింది. విదేశీయుడైన మాంత్రికుడు చిత్రం మొత్తంలో అత్యంత సంపన్నమైన తెలుగు మాట్లాడతాడు. ‘డింభకుడు’ అన్న సంస్కృతపదం నిఘంటువుల నుంచి వీధుల్లోకి వచ్చింది అతడి నోటి నుంచే. ఉజ్జయిని రాజు, సేనాధికారులు, రాజశ్యాలుడైన సురసేనుడు ఎవరూ అంత ధీమాగా భాషను వాడరు. అంటే అతడి పరాయితనం భాషలో లేదు. గడ్డంలో, వేషంలో, పేరులో మాత్రమే ఉంది. రంగారావు ఆ పాత్రను పోషించిన తీరు కూడా దీనికి బలం చేకూర్చింది. ఆకలిగొన్న మనిషి ఆత్రం, తాను కోరినది తనకు అందుతుందన్న గర్వం, అందదేమోనన్న అనుమానం ఆ ముఖంలో ఏకకాలంలో కనిపిస్తాయి. ప్రేక్షకుడు అతణ్ణి ద్వేషిస్తాడు గాని మరచిపోలేడు. అనుకరణలు పుట్టినది రాముడి మాటలకన్నా మాంత్రికుడి మాటలకే కావడం ఈ సంగతిని బలపరుస్తుంది.

5. గుహ: రెండు లోకాల ద్వారం

గుహలో ఈ ఇద్దరూ ఎదురుపడతారు. వారి కోరికలను పక్కపక్కన పెట్టి చూస్తే తేడా తక్కువ. ఇద్దరికీ భైరవి ప్రతిమ కావాలి. ఇద్దరూ దాన్ని సాధించడానికి మరొక మనిషి ప్రాణం తీయవలసి ఉంటుంది. సాహసవంతుడూ బుద్ధిశాలీ అయిన యువకుడి తల మాంత్రికుడికి అవసరం. హెచ్చరిక విన్న తరువాత రాముడికి మాంత్రికుడి తల అవసరం. భైరవికి బలి ఎవరన్నది పట్టదు, బలి జరగడమే ముఖ్యం. చిత్రం రాముణ్ణి ఆత్మరక్షణ చేసుకున్నవాడిగా చూపి అతడి పట్ల మన సానుభూతిని నిలుపుతుంది. కాని బలి ఆగదు, బలిపశువు మాత్రమే మారుతుంది. రాముడి మేడకు పునాది ఆ గుహలో తెగిన తల.

హెచ్చరిక ఇచ్చినది ఎవరన్నదీ పరిశీలించదగినది. స్నానానికి దిగిన రాముణ్ణి పట్టుకున్న మొసలి అతడి చేతిలో చచ్చి, శాపవిముక్తి పొందిన అప్సరసగా మారుతుంది. స్వర్గానికి చెందినది, నీటిలో జంతువుగా బతికినది, ఆ రెండింటికీ నడుమ చిక్కుకున్నది. ఇరుపక్కలకూ చెందని స్థితిని అనుభవించిన ప్రాణికే బలిపీఠం వైపు నడుస్తున్న మరొకడి ప్రమాదం కనిపించింది. చిత్రంలో మూడవ పరాయి వ్యక్తి ఈమె. ఆమెకు విముక్తి దొరికింది, రాముడికి ప్రాణం దొరికింది, మాంత్రికుడికి మాత్రం ఎవరూ హెచ్చరిక ఇవ్వలేదు.

ప్రతిమ నుంచి వెలువడిన భైరవి రాముణ్ణి ‘నరుడా’ అని పిలుస్తుంది. అప్పటిదాకా అతడు రాజుకు తోటమాలి కొడుకు, మాంత్రికుడికి డింభకుడు. పుట్టుకతోనూ వృత్తితోనూ నిమిత్తం లేని పిలుపు అతడికి మొదటిసారి పాతాళంలో వినిపించింది. మనిషిని మనిషిగా గుర్తించే చోటు కోటలో లేదు, భూమి కింద ఉంది. అయితే ఈ సమదృష్టికి మరో ముఖం ఉంది. సురసేనుడు ప్రతిమను దొంగిలించి మాంత్రికుడికి అప్పగించినప్పుడు భైరవి అతడికీ అంతే విధేయంగా పనిచేస్తుంది. మేడ, సంపద, ఇందుమతి ఒక్క పెట్టున మాయమవుతాయి. భైరవి న్యాయదేవత కాదు, చేతిలో ఉన్నవాడికి లొంగే శక్తి. సంపదకు ఇంతకన్నా స్పష్టమైన ప్రతీక తెలుగు చిత్రాల్లో అరుదు.

గోఖలే, కళాధర్‌ల రంగాలంకరణ, మార్కస్ బార్ట్లే ఛాయాగ్రహణం ఈ భావాన్ని మాటల సాయం లేకుండానే నిలబెట్టాయి. కోటలోని దృశ్యాలు సమానమైన వెలుగులో, సమతలంగా ఉంటాయి. గుహలో వెలుగు ఒకవైపు నుంచే పడుతుంది. బృహద్విగ్రహం ముందు మాంత్రికుడు, రాముడు ఇద్దరూ ఒకే పరిమాణంలో, చిన్నవాళ్ళుగా కనిపిస్తారు. కోటలో ఉన్న ఎత్తుపల్లాలు ఇక్కడ చెల్లవు. ఇద్దరు పరాయివాళ్ళు సమానులైన ఒకే ఒక్క స్థలం బలిపీఠం ఎదుటి నేల.

6. మైదానపు పొలిమేరలు

ఈ కథను కేవలం కల్పనగా చూడడానికి వీలులేని చారిత్రక సాక్ష్యాలు గుంటూరు మైదానంలో ఉన్నాయి. అమరావతి సమీపంలో నరుకుళ్ళపాడు అనే ఊరుంది. రాజా వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు తన పరగణాలో దోపిడులు చేస్తున్నారన్న కారణంతో చెంచులను విందుకు పిలిచి, వారి తలలు నరికించాడని, ఊరికి ఆ పేరు అందువల్లనే వచ్చిందని, తరువాత పశ్చాత్తాపంతో ఆలయసేవకు పూనుకున్నాడని జనశ్రుతి. ఇందులో చరిత్ర ఎంత, కథ ఎంత అన్నది వేరే చర్చ. ఆ జనశ్రుతి నిర్మాణం మాత్రం స్పష్టం. కొండల నుంచి దిగివచ్చిన పరాయివాళ్ళు, ఆదరంగా ఆహ్వానం, భోజనం, ఆపైన కత్తి. ఇది అక్షరాలా నేపాళ మాంత్రికుడి పథకం. భేదమల్లా ఒక్కటే. చిత్రంలో ఆహ్వానించి చంపజూసినవాడు పరాయి మాంత్రికుడు, జనశ్రుతిలో ఆ పని చేసినవాడు కోటలోని ప్రభువు. తమ నేలమీద ప్రభువుల పేర చెప్పుకొనే క్రౌర్యాన్ని కథలు దూరదేశపు మాంత్రికుడి మీదికి నెట్టాయా అన్న ప్రశ్న ఇక్కడ తప్పనిసరిగా తలెత్తుతుంది.

రెండవ సాక్ష్యం మరింత సమీపకాలానిది. బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం 1913 ప్రాంతంలో సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో, ప్రధానంగా ఎరుకల కుటుంబాల కోసం ఏర్పడిన సెటిల్‌మెంటు. 1871లో మొదలైన నేరస్థ జాతుల చట్టం కొన్ని సముదాయాలను పుట్టుకతోనే నేరస్థులుగా ప్రకటించింది. వారు ఊరు దాటాలంటే అనుమతి కావాలి, హాజరు వేయించుకోవాలి. మద్రాసులో ఆ చట్టం 1947లోనూ, దేశమంతటా 1952లోనూ రద్దయింది. ‘పాతాళభైరవి’ సరిగ్గా ఈ రెండు సంవత్సరాల నడుమ విడుదలైంది. పుట్టుకే నేరమనే చట్టం కాగితం మీద తొలగిపోతూ, మనసుల్లో కొనసాగుతున్న కాలమది. అంతఃపురంలో అడుగుపెట్టినందుకే చావుశిక్ష పడిన తోటరాముణ్ణి చూసి హర్షధ్వానాలు చేసిన ప్రేక్షకుల్లో, పొలిమేర అవతలి గుడిసెల వారిని అనుమానంగా చూసినవారు లేరని చెప్పలేము. నిర్మాతలు ఈ పోలికను ఉద్దేశించారని ఈ వ్యాసం వాదించదు. కథ పనిచేసిన నేల ఎలాంటిదో గుర్తుచేయడమే ఇక్కడి ప్రయోజనం.

అప్పటి గుంటూరు జిల్లాలో ఒంగోలు ప్రాంతం కూడా భాగమే. 1970లో ప్రత్యేక జిల్లాగా ఏర్పడి, 1972లో ప్రకాశం పేరు పొందింది. పత్తి, మిరప ఈ నేలకు సంపద తెచ్చాయి. ఆ పంటలకు చేతులు మాత్రం తరచుగా బయటి నుంచే వస్తాయి. ఇవాళ్టికీ పత్తి తీతలకు, మిరపకోతలకు కర్నూలు పడమటి మండలాల నుంచి కుటుంబాలకు కుటుంబాలు వలస వచ్చి, ఊరి చివర గుడారాల్లో ఉండి, కోతలు ముగిశాక తిరిగిపోతాయి. పంటలో వారి శ్రమ ఉంటుంది, ఊళ్ళో వారికి చిరునామా ఉండదు. తోటరాముడి స్థితి ఇదే: పూలకు ప్రవేశం, చేతులకు నిషేధం. ఈ మైదానంలో నిలబడి చూస్తే ‘తోట’ అన్న మాట ఉజ్జయినీ ఉద్యానం కాదు, వలసకూలీ కాలు మోపిన ప్రతి చేను.

7. గడ్డం: కలిసిపోవాలన్న కోరిక, దాని వెల

మాంత్రికుడు రెండుసార్లు మరణిస్తాడు. మొదటిసారి గుహలో రాముడి చేతిలో. సదాజపుడు సంజీవనితో అతణ్ణి బతికిస్తాడు. రెండవ మరణానికి దారితీసిన సంఘటనను విమర్శ కేవలం హాస్యఘట్టంగా భావించింది. బందీగా ఉన్న ఇందుమతి మనసు గెలవాలని మాంత్రికుడు తాపత్రయపడతాడు. సదాజపుడి రూపంలో చేరిన అంజి, గడ్డం తీసేస్తే యవ్వనంగా, అందంగా కనిపిస్తావని నమ్మబలుకుతాడు. గడ్డంలోనే తన శక్తి ఉందని తెలిసి కూడా మాంత్రికుడు దాన్ని తీయించుకుంటాడు. ఆ క్షణంలోనే ఓడిపోతాడు.

ఈ ఘట్టాన్ని తోటరాముడి కథ పక్కన పెట్టాలి. కోటకు ఆమోదయోగ్యుడు కావడానికి రాముడు కూడా తన రూపం మార్చుకున్నాడు. తోటమాలి దుస్తులు విడిచి, భైరవి ఇచ్చిన మేడలో రాజవేషం ధరించాడు. రాముడి మార్పుకు ప్రతిఫలంగా పెళ్ళిపందిరి సిద్ధమైంది. మాంత్రికుడి మార్పుకు ప్రతిఫలంగా చావు వచ్చింది. పరాయివాడు తన గుర్తును వదులుకుని లోపలివారిలో ఒకడు కావాలని ప్రయత్నించిన క్షణమే అతడు నిరాయుధుడైన క్షణం. మాంత్రికుడు చేసిన అపహరణ క్షమించరానిది, ఇందుమతి నిరాకరణ పూర్తిగా న్యాయమైనది. అయినప్పటికీ, శక్తికన్నా అంగీకారాన్ని ఎక్కువగా కోరుకున్న ఒక బయటివాడి బలహీనత ఆ దృశ్యంలో నవ్వు వెనుక కనిపిస్తుంది. చిత్రం అతణ్ణి ఓడించడానికి వాడినది రాముడి బలాన్ని మాత్రమే కాదు, అతడి ఆశను.

ఇద్దరి మధ్య తేడా చూపడానికి చిత్రం దగ్గర ఒక బలమైన సమాధానం ఉంది. అది స్నేహం. రాముడికి అంజి ఉన్నాడు, తల్లి ఉంది. సంపదంతా పోయాక అతడి వెంట నడిచినది అంజే. దారిలో చేజిక్కిన మాయాపాదుకలు, కప్పుకుంటే కనిపించని శాలువా ఉపయోగపడినా, గెలుపుకు మూలం అంజి యుక్తి. మాంత్రికుడికి ఉన్నది సదాజపుడొక్కడు, ఆ సంబంధం సైతం గురుశిష్యుల ఆజ్ఞాబంధమే. సదాజపుడి ముఖంతో వచ్చినవాడు మరొకడని అతడు పోల్చుకోలేకపోవడం, ఆ ముఖాన్ని అతడు ఏనాడూ శ్రద్ధగా చూడలేదనడానికి నిదర్శనం. రాజు పెట్టిన సంపద షరతును చిత్రం ఉత్తరార్ధం ఈ విధంగా మౌనంగా ఖండిస్తుంది. సంపద రాత్రికి రాత్రి పోయింది, మనుషులు మిగిలారు.

ఇందుమతి విషయంలో చిత్రం ఇంతటి సూక్ష్మతను చూపలేదు. ఆమె రాముణ్ణి ప్రేమించిందన్న సంగతికి కథలో విలువ ఉన్నా, నిర్ణయాలన్నీ ఆమె చుట్టూ జరుగుతాయి. రాజు ఆమెను షరతుకు పణంగా పెడతాడు, సురసేనుడు ఆశిస్తాడు, మాంత్రికుడు ఎత్తుకుపోతాడు. తండ్రి కోటకూ మాంత్రికుడి గుహకూ నడుమ ఆమె కూడా రెండు లోకాల మధ్య చిక్కినదే. కాని పరాయితనాన్ని గురించి తనకు తెలిసినది చెప్పే అవకాశం చిత్రం ఆమెకు ఇవ్వలేదు.

8. ముగింపు

‘పాతాళభైరవి’ సామాన్యుడి విజయగాథ అన్న అభిప్రాయాన్ని ఈ పరిశీలన తోసిపుచ్చదు. తోటమాలి కొడుకును రహస్య రాజకుమారుడిగా మార్చకుండానే కోటలోకి తీసుకువెళ్ళిన ధైర్యం తెలుగు జానపద చిత్రాల్లో అరుదైనది. కాని ఆ ప్రవేశానికి చెల్లించిన వెలను కూడా లెక్కలోకి తీసుకోవాలి. లోపలి పరాయివాడు లోపలివాడు కావడానికి బయటి పరాయివాడు చీకటినంతా తన మీద వేసుకోవలసి వచ్చింది. కోట చేసిన అన్యాయం, అంటే పుట్టుకను బట్టి గీసిన గీత, సంపదను బట్టి పెట్టిన షరతు, ఎక్కడా విచారణకు రాలేదు. విచారణకు వచ్చినది నేపాళం నుంచి వచ్చిన గడ్డపు మనిషి ఒక్కడే. కోట తలుపు ఒకరికి తెరుచుకుంది, కోట గోడ మాత్రం అలాగే ఉంది.

నరుకుళ్ళపాడు జనశ్రుతినీ, స్టూవర్టుపురం చరిత్రనూ, మిరపచేల అంచున వెలిసే గుడారాలనూ ఎరిగిన పాఠకుడికి ఈ పంపకం కొత్తది కాదు. ఒక సముదాయం తనలోని బలహీనుణ్ణి అక్కున చేర్చుకునేటప్పుడు, దూరం నుంచి వచ్చిన మరొకణ్ణి శత్రువుగా నిలబెట్టడం చరిత్రలో పదేపదే జరిగింది. మాయల మరాఠీ నుంచి నేటి చిత్రాల దాకా ప్రతినాయకుడికి పెట్టిన ప్రాంత, మత, భాషా చిహ్నాల పరిణామాన్ని ఈ దృష్టితో అధ్యయనం చేయవలసిన అవసరం ఉంది. భైరవి పలికిన ‘నరుడా’ అన్న పిలుపు గుహలో ఉన్న ఇద్దరికీ వర్తించేదే. చిత్రం దాన్ని ఒకరికి మాత్రమే దక్కనిచ్చింది. రెండవవాడికి కూడా ఆ పిలుపు చెల్లుతుందా అన్న ప్రశ్నను లేవనెత్తడం విమర్శ బాధ్యత.